చలికాలపు వంటిల్లు, మూడు ఆకళ్లు

చలి ముదిరిన సాయంత్రాల్లో ఇంట్లోవాళ్లందరూ ఒక్కొక్కరుగా వచ్చి చేరేది వంటింట్లోకే. పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటే ఆ ఆవిరి దగ్గర నిలబడి చేతులు కాచుకోవాలనిపిస్తుంది, మూత తీసి వాసన చూడాలనిపిస్తుంది, వడ్డించకముందే కాస్త నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. వేసవిలో ఇదే మనిషి ఇదే పొయ్యి ముందు పావుగంట నిలబడడానికి విసుక్కుంటాడు. ఈ మార్పును మనం సాధారణంగా "చలికి ఆకలెక్కువ" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఆ మాటలో కొంత నిజం ఉంది గాని, దానిలో మూడు వేర్వేరు కోరికలు కలగలిసి ఉన్నాయి. ఒంటికి వెచ్చదనం కావాలి, నాలుకకూ ముక్కుకూ రుచి కావాలి, పగలు కుదించుకుపోయిన రోజుల్లో మనసుకు ఊరట కావాలి. ఈ మూడింటినీ విడదీసి చూస్తే చలికాలపు వంటలో సుఖం ఎక్కడుందో, ప్రలోభం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. విడదీయకపోతే వెచ్చదనం కోసం వంటింట్లోకి వచ్చిన మనిషి నూనె మూకుడు దగ్గర ఆగిపోతాడు.

ముందు ఒంటి సంగతి చూద్దాం. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి శరీరం గంటకు సుమారు 70 కిలోకాలరీల వేడిని పుట్టిస్తూ ఉంటుంది. బయట చలి పెరిగితే శరీరం మొట్టమొదట ఆ ఉత్పత్తిని పెంచదు. చర్మం కిందున్న రక్తనాళాలను బిగించి, ఉన్న వేడిని లోపలే దాచుకుంటుంది. చేతివేళ్లు చల్లబడి పాలిపోయేది అందుకే. అదీ చాలనప్పుడు కండరాలు వణుకుతాయి. తీవ్రమైన వణుకులో వేడి పుట్టే వేగం విశ్రాంతి స్థాయికి నాలుగైదు రెట్ల దాకా పెరగగలదు. వణుకు లేకుండానే ఇంధనాన్ని మండించి వేడి పుట్టించే గోధుమ రంగు కొవ్వు పసిపిల్లల్లోనే చెప్పుకోదగినంత ఉంటుందని చాలాకాలం భావించారు. అది పెద్దవాళ్లలో కూడా ఉండి పనిచేస్తుందని 2009లో ఒకే వైద్య పత్రికలో వెలువడిన మూడు అధ్యయనాలు రూఢిచేశాయి. కాబట్టి చలిలో నిజంగా గంటల తరబడి ఆరుబయట శ్రమించేవారికి తిండి ఎక్కువ కావలసిందే. తలుపులు బిగించుకొని, ఉన్ని దుస్తులు తొడుక్కొని, దుప్పటి కప్పుకొని కూర్చున్నవారి పరిస్థితి వేరు. వారి చర్మాన్ని తాకి ఉండే గాలికి బయటి చలితో పెద్దగా సంబంధం ఉండదు గనుక, చలి పేరిట వారి శరీరం అడిగే అదనపు ఇంధనం చాలా స్వల్పం.

అయినా ఒక గిన్నెడు వేడి సూప్ తాగగానే ఒళ్లంతా తేరుకున్నట్టు ఉంటుంది కదా, అది భ్రమా అని అడగవచ్చు. లెక్క వేసి చూడడం మంచిది. 60 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉన్న 300 మిల్లీలీటర్ల పలుచని సూప్, మన శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీలకు దిగేలోపు మనకు ఇచ్చే వేడి సుమారు 7 కిలోకాలరీలు. శరీరం తనంతట తాను ఆరు నిమిషాల్లో పుట్టించుకునే వేడి అది. అదే సూప్ మీద ఒక పెద్ద చెంచాడు, అంటే 15 మిల్లీలీటర్ల నూనెగాని కరిగించిన వెన్నగాని పోస్తే చేరేది వంద కిలోకాలరీలకు పైనే. మనకు హాయినిచ్చినది ఆ ఏడు; నడుము దగ్గర నిలిచేది ఈ వంద.

మరి అంత కొద్ది వేడి అంత హాయిని ఎలా ఇస్తుంది? శరీరం వెచ్చదనాన్ని తూకం వేసి తెలుసుకోదు, తాకిన చోట తెలుసుకుంటుంది. పెదవులు, నాలుక, ముఖం, అరచేతులు వేడిని పసిగట్టే నాడీతంతువులు దట్టంగా ఉన్న చోట్లు. గిన్నెను రెండు చేతుల్లో పట్టుకొని, ఆవిరి ముఖానికి తగులుతుండగా, ఊదుకుంటూ కొద్దికొద్దిగా తాగుతున్నప్పుడు ఈ చోట్లన్నిటికీ ఒక్కసారే కబురు అందుతుంది. మందపాటి గిన్నె, చిన్న గుక్కలు, తీరుబడిగా సాగే పదిహేను నిమిషాలు ఆ హాయిని పెంచుతాయి. అందులో కొవ్వు ఎంత ఉందన్నది దానితో సంబంధం లేని విషయం. చలికాలపు వంట గురించి నేను తెలుసుకున్న అన్ని సంగతుల్లోనూ నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇదే.

కొవ్వు పదార్థాలు "ఒంట్లో వేడి పుట్టిస్తాయి" అన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. తిన్నదాన్ని అరిగించి, మార్చి, నిల్వచేసే పనిలో శరీరం కొంత శక్తిని ఖర్చుచేస్తుంది, ఆ ఖర్చు వేడిగా బయటపడుతుంది. మాంసకృత్తుల విషయంలో ఆ ఖర్చు అవి ఇచ్చే శక్తిలో 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. పిండిపదార్థాలకు 5 నుంచి 10 శాతం. కొవ్వుకు మాత్రం 3 శాతం మించదు. అంటే 300 కిలోకాలరీలను పూర్తిగా కొవ్వు రూపంలో తీసుకుంటే వెంటనే వేడిగా వెలువడేది మహా అయితే తొమ్మిది. మాంసకృత్తుల రూపంలో తీసుకుంటే అరవై నుంచి తొంభై. చిక్కగా ఉడికించిన పప్పుధాన్యాలు, గుడ్లు, చేపలు, మాంసం తిన్న తర్వాత గంట రెండు గంటలు ఒళ్లు వెచ్చగా అనిపించడానికి ఆధారం ఉంది. వేపుళ్లకు ఆ కీర్తి ఎక్కువగా వాటి కరకర వల్ల, మూకుడులోంచి తీసిన వెంటనే తినడం వల్ల వచ్చింది.

మిరప, మిరియం, అల్లం కథ ఇంకా చిత్రమైనది. నోటిలో సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే ఒక గ్రాహకం ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ ఆ గ్రాహకానికే అతుక్కొని దాన్ని మామూలు ఉష్ణోగ్రతలోనే తెరిపిస్తుంది కాబట్టి కాలినట్టే మెదడుకు కబురు వెళుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన పరిశోధకుల బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్, స్పర్శ గ్రాహకాలపై పనిచేసిన ఆర్డెం పటపూటియన్‌తో కలిసి 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మిరియంలోని పైపరిన్, అల్లంలోని జింజెరాల్ కూడా అదే తలుపు తడతాయి. వేడెక్కాననుకున్న శరీరం ముఖానికి రక్తాన్ని పంపి, చెమట పట్టించి, ఉన్న వేడిని కొంత వదిలించుకుంటుంది. కనుక ఘాటైన కూర తిని వెంటనే చల్లగాలిలోకి వెళ్లడం మంచిది కాదు. తిన్నాక ఇంట్లోనే ఉండేట్టయితే ఆ వెచ్చని అనుభూతిని నిశ్చింతగా ఆస్వాదించవచ్చు.

ఇక రెండో ఆకలి, నాలుకదీ ముక్కుదీ. వేడి పదార్థం నుంచి సువాసన అణువులు ఎక్కువగా ఆవిరై లేస్తాయి. మనం రుచి అని పిలిచేదానిలో పెద్ద భాగం నిజానికి వాసనే కాబట్టి, ఒకే కూర చల్లగా ఉన్నప్పుడు చప్పగానూ వేడిగా ఉన్నప్పుడు నిండుగానూ తోస్తుంది. తీపి విషయంలో ఇంకొక మెలిక ఉంది. నాలుక మీద తీపిని మోసుకెళ్లే మార్గంలోని ఒక ప్రొటీన్ 15 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ మరింత చురుకుగా పనిచేస్తుందని 2005లో కనుగొన్నారు. కరిగిపోయిన ఐస్‌క్రీం వెగటుగా తీయగా ఉండడానికి కారణం అదే. చలికాలంలో దీని ఫలితం తిరగబడుతుంది: కప్పులో పోసిన పానీయం మాటల్లో పడి చల్లారిపోతుంది, తీపి తగ్గినట్టు అనిపిస్తుంది, ఇంకో చెంచా చక్కెర పడుతుంది. కప్పును ముందుగా వేడినీళ్లతో కడిగి పెట్టుకుంటే ఆ చెంచా అవసరం తప్పుతుంది.

కాని రుచి విషయంలో చలికాలం మనకు ఇచ్చే అసలు వరం సమయం. పొయ్యిలోనో ఓవెన్‌లోనో ఖర్చయిన ఇంధనం అంతా చివరికి ఇంటి గాలిలోకే వేడిగా చేరుతుంది. ఒక లీటరు నీరు ఆవిరై పోవడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి. ఆ ఆవిరి చల్లని గోడ మీదా కిటికీ అద్దం మీదా తిరిగి నీరయ్యేటప్పుడు ఆ వేడినంతా అక్కడే వదిలిపెడుతుంది. వేసవిలో రెండు గంటల ఉడుకు ఇల్లంతటికీ బాధ. ఇప్పుడు అదే రెండు గంటలు వంటకు వంట, ఇంటికి వెచ్చదనం. అందుకే మిగతా ఏడాదంతా మనం వాయిదా వేసే వంటలు, అంటే గట్టి గింజలు, దుంపలు, ఎముకల సూపులు, ముదురు మాంసం, నిదానంగా పొంగే రొట్టె పిండి, ఈ నెలల్లో సులువుగా సాధ్యమవుతాయి.

సన్నని సెగ మీద జరిగే పనిని కొంచెం దగ్గరగా చూడాలి. ఎక్కువగా కదిలే కండరాల్లో కొలాజెన్ అనే గట్టి బంధక పదార్థం ఉంటుంది. త్వరగా వండితే అది బిగుసుకొని మాంసం రబ్బరులా తయారవుతుంది. 70 డిగ్రీల పైన గంటల తరబడి తేమలో ఉంచితే అదే కొలాజెన్ విడిపోయి జెలటిన్‌గా మారి, పులుసుకు పెదవులు అంటుకునేంత చిక్కదనాన్ని ఇస్తుంది. ఆ చిక్కదనం వెన్న వల్ల వచ్చినదని తినేవారు అనుకుంటారు, నిజానికి అందులో ఒక చుక్క వెన్న ఉండనక్కరలేదు. గింజల విషయంలోనూ సమయమే పనిచేస్తుంది: కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరుగుతుంది, పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బుతుంది, కొంత బయటికి వచ్చి నీటిని చిక్కబరుస్తుంది. కాల్షియం ఎక్కువగా ఉండే గట్టి నీళ్లలో గింజలు మొండికేస్తాయి, పులుపు ముందే వేసినా అంతే. కాబట్టి టమాటా గాని చింతపండు గాని నిమ్మరసం గాని గింజ మెత్తబడ్డాకనే వేయాలి. మంట పెద్దది చేయడం వల్ల లాభం లేదు. సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది, ఎంత ఉధృతంగా మరిగినా ఆ సంఖ్య పెరగదు. మూత పెట్టి, బుడగలు అరుదుగా తేలేంత సెగ ఉంచితే ఇంధనం మిగులుతుంది, ముక్క చెదరదు.

ఈ నిదానంలో ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఎర్రని రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. తక్కువ వేడి మీద నడిచే స్లో కుక్కర్లో నేరుగా వేస్తే అది నశించదు. సగం ఉడికిన గింజ పచ్చి గింజకన్నా ఎక్కువ హాని చేసే అవకాశం ఉంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట పాటు బాగా మరిగించిన తర్వాతనే సన్నని సెగకు మార్చాలి. ప్రెషర్ కుక్కర్లో లోపలి వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది గనుక అక్కడ ఈ భయం లేదు.

తడిలో సాగే ఈ వంటకు సన్నని రంగూ సాధువైన వాసనా ఉంటాయి. గోధుమ వన్నె తిరిగిన ఉల్లిపాయ, కాల్చిన రొట్టె అంచు, వేగిన ముక్క పైపొర మనల్ని పిలిచే తీరు వేరు. అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి వందలాది కొత్త సువాసనలను సృష్టించే ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరిట మెయిలార్డ్ చర్య అంటారు. ఇది 140 డిగ్రీల ప్రాంతంలో చురుకవుతుంది, నీరు ఉన్నంతసేపూ పదార్థం ఆ వేడికి చేరదు. అంటే గోధుమ వన్నె కావాలంటే తడి పోవాలి. అందుకు మార్గం నూనెలో ముంచడం ఒక్కటే కాదు: ఉల్లిపాయలనో మాంసం ముక్కలనో అడుగు మందమైన గిన్నెలో కొద్ది నూనెతో మొదట బాగా వేయించి, అడుగున అంటుకున్న గోధుమ పొరను నీళ్లు పోసి గీరి కలిపితే, ఆ సువాసన అంతా మూడు గంటల ఉడుకులోకి దిగుతుంది. వేపుడులో మనం నిజంగా కోరుకున్నది దొరికేసింది, నూనె రెండు చెంచాలతో సరిపోయింది.

చలి కూరగాయల మీదా పనిచేస్తుంది. చలిని తట్టుకొనే కొన్ని మొక్కలు, ముఖ్యంగా క్యారెట్, క్యాబేజీ, పాలకూర వంటివి, ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు తమ కణాల్లో చక్కెరలను పెంచుకుంటాయి. చక్కెర కరిగిన నీరు త్వరగా గడ్డకట్టదు కాబట్టి అది వాటికి రక్షణ. మనకు మాత్రం తియ్యదనం. మంచు పడిన తర్వాత తవ్విన క్యారెట్‌ను ఓవెన్‌లో కాలిస్తే ఏమీ చేర్చకుండానే తీపి వంటకంలా ఉంటుంది. బంగాళాదుంప కూడా బాగా చల్లని చోట నిల్వ ఉంటే తన పిండిపదార్థంలో కొంత చక్కెరగా మార్చుకుంటుంది, కాని ఇక్కడ ఫలితం అంత శుభకరం కాదు. ఆ దుంపను వేపితే లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది. 120 డిగ్రీలు దాటిన వేడిలో, చక్కెరా ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లమూ కలిసి అక్రిలమైడ్ అనే అవాంఛిత పదార్థం ఏర్పడుతుంది; ఇలాంటి వంటకాల్లో అది ఉంటుందని స్వీడన్ పరిశోధకులు 2002లో బయటపెట్టారు. ఉడకబెట్టిన దుంపలో ఈ సమస్య రాదు. వేపాలనే అనుకుంటే ముక్క బంగారు వన్నెకు రాగానే తీసేయడం, ముదురు గోధుమ రంగు దాకా ఆగకపోవడం తెలివైన పని.

మూడో ఆకలి మనసుది, అన్నిటికన్నా మొండిది. పగటి వెలుతురు తగ్గే నెలల్లో కొందరికి ఏటేటా తిరిగివచ్చే దిగులును నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 1984లో ఒక ప్రత్యేక రుగ్మతగా వర్ణించారు. అతినిద్ర, బరువు పెరగడం, పిండి పదార్థాల మీదా తీపి మీదా విపరీతమైన కోరిక దాని లక్షణాల్లో ఉన్నాయి. దానికి మొదటినుంచీ వాడుతున్న చికిత్స ఉదయం పూట ప్రకాశవంతమైన వెలుగు. ఆ రుగ్మత లేనివారికి కూడా ఈ సంగతి ఆలోచించదగినది, ఎందుకంటే సాయంత్రం నాలుగున్నరకు డబ్బా మూత తెరిచే చేతిని కదిలించేది కడుపు కాకపోవచ్చు. పగలు కాసేపు వెలుతురులో నడిచి వచ్చినరోజు ఆ డబ్బా జోలికి వెళ్లాలనిపించడం తగ్గుతుందని నా అనుభవం.

దీనికి తోడు చలికాలం పండుగలనూ విందులనూ వెంటబెట్టుకొని వస్తుంది, వాటితో పాటు రకాలూ వస్తాయి. ఒకే పదార్థం తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గుతుంది. కొత్త రుచి ఎదురు కాగానే ఆగిపోయిన ఆకలి మళ్లీ లేస్తుంది. కారం తర్వాత తీపికి కడుపులో చోటు దొరకడం దీని వల్లనే. రెండు రకాలు చేసి వాటినే మళ్లీ మళ్లీ వడ్డించిన ఇంట్లో కన్నా ఎనిమిది రకాలు పేర్చిన బల్ల దగ్గర మనిషి ఎక్కువ తినడానికి ఆత్మనిగ్రహం లోపించడం కారణం కాదు. 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, సంవత్సరాంతపు సెలవుల ఆరు వారాల్లో పెద్దవాళ్లు సగటున 0.37 కిలోలు పెరిగినట్టు తేలింది. జనం భయపడేదానికన్నా ఇది చాలా తక్కువే. కలవరపరిచేది దాని తరువాతి సంగతి: ఆ కొద్దిపాటి బరువు వసంతంలో తిరిగి పోలేదు. ఏటా ఇంతేసి మిగిలితే పది పదిహేనేళ్లలో ఎంతవుతుందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. ఒక్క విందు గురించి నేరభావం పడనక్కరలేదు గాని, విందు ముగిసిన తర్వాతి రోజు నుంచి ఏం వండుతున్నామన్నది ముఖ్యం.

పెద్ద గిన్నెడు వండినప్పుడు మిగిలినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. వంటిల్లు చల్లగా ఉంది కదా అని రాత్రంతా గిన్నెను పొయ్యి మీదే వదిలేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పైన తాకితే చల్లగా ఉండే ఐదు లీటర్ల గిన్నె మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది; ఉడుకుకు చావని బీజాలు ఆ గోరువెచ్చదనంలోనే మొలకెత్తి సూక్ష్మజీవులుగా పెరుగుతాయి. అన్నంలోనూ పిండి వంటకాల్లోనూ పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. రెండు గంటల్లోపు 21 డిగ్రీలకు, ఆపైన నాలుగు గంటల్లోపు 5 డిగ్రీలకు దింపాలన్నది వృత్తి వంటశాలల నియమం. ఇంట్లో దీనికి సులువైన ఉపాయం వెడల్పాటి, లోతు తక్కువ పాత్రల్లోకి సర్ది, చల్లని నీళ్ల పళ్లెంలో కాసేపు ఉంచి, ఫ్రిజ్‌లో పెట్టడం. గాలి విషయంలో కూడా ఒక మాట చెప్పాలి: చలికి తలుపులన్నీ బిగించిన వంటింట్లో మంట ఎక్కువసేపు వెలిగితే కిటికీ ఒకటి కొద్దిగానైనా తెరిచి ఉండాలి, బొగ్గుల కుంపటి అయితే అసలు గది లోపల ఉండకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లు మేలుకోరు.

చివరగా, వంట చేసినవారికే ఎదురయ్యే ఒక వింత. మూడు గంటలు సువాసనల మధ్య గడిపిన ముక్కు ఆ వాసనకు అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే వడ్డించే ముందు రుచి చూసి "ఏదో తక్కువైంది" అనుకొని ఉప్పో వెన్నో మరికాస్త వేస్తాం. అప్పుడే బయటినుంచి వచ్చి కూర్చున్నవారికి అది ఎక్కువైపోతుంది. పైగా నిదానంగా ఉడికేటప్పుడు నీరు ఇంకి ఉప్పు దానంతటదే చిక్కబడుతుంది. ఉప్పు చివరి పావుగంటలో వేసి, రుచి చూసేముందు ఐదు నిమిషాలు వరండాలో చల్లగాలిలో నిలబడి రావడం నేను పెట్టుకున్న నియమం. తిరిగి లోపలికి అడుగుపెట్టిన క్షణంలో ఆ వాసన మొదటిసారి విన్న మాటలా తాకుతుంది. నిన్నటి పులుసు ఇవాళ బాగుంటుందని అందరూ అంటారు; ముక్కల్లోకి ఉప్పూ పులుపూ దిగడం, జెలటిన్ గట్టిపడి కరగడం అందుకు కొంత కారణమైతే, వండినమనిషి ముక్కు రాత్రంతా విశ్రాంతి తీసుకొని ఉండడం మిగతా కారణం.